భాషానిలయము చేసిన పని

పూర్వుల గొప్పదనమును తలచుకొనుట సుఖమైన పని. దానికి ధనము వలదు, శ్రమ వలదు. ఒక సాయంకాలమున నాలుగు కుర్చీలును, ఒక పూలదండయు నున్న చాలును. ఏటేట నొకమాఱు సభ చేసి, మహాపురుషుల నామములను స్మరించి, మరల సంవత్సరము వఱకు నిద్రించు సంఘములు మన దేశమున నెన్నియో పాఠకు లెఱుగుదురు. అట్టివాని చరిత్రము వ్రాయబూనినవానికి ఆహ్వానపత్రములు తప్ప వేఱు సామగ్రి దొరకదు. కాని ఒక ప్రాచీన ప్రభువు పేరు పెట్టుకొని పుట్టి, ఆ ప్రభువును పొగడుటకంటె ఆయన కావ్యము వ్రాసిన భాషను మాటలాడు ప్రజలకు అక్షరము నందించుటయే తన పని యని తలచిన సంఘ మొకటి హైదరాబాదు నగరమున 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన వెలసినది. దాని పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. దాని పుట్టుకను, దాని నీడలో పెరిగిన కొన్ని సంఘముల చరిత్రమును, వారు చేసిన విద్యాసేవను, చేయకుండ విడిచిన సేవను ఈ వ్యాసమున విచారింతును.

ఆ పని విలువ తెలియవలెనన్న నాటి నిజాము రాజ్యస్థితి కొంత తెలియవలెను. రాజ్య ప్రజలలో సుమారు సగము మంది తెలుగువారు. తక్కినవారిలో మహారాష్ట్రులును, కన్నడిగులును, ఉర్దూ మాతృభాషగా గలవారును ఉండిరి. 1880 ప్రాంతముల వఱకు పారసీకమును, అటు పిమ్మట ఉర్దూయు రాజభాషలయ్యెను. కచేరీలో అర్జీ, ఠాణాలో ఫిర్యాదు, న్యాయస్థానమున వాదము, పై యధికారి యుత్తరువు, సర్వము ఆ భాషలోనే నడచుచుండెను. ఓరుగల్లు ప్రాంతపు రైతు తనపేర వచ్చిన కాగితమును పట్టుకొని చదువరియైన యొకని యింటికి పోవలెను. అతడు చదివి చెప్పినదే దాని యర్థము. చదువుకొనిన తెలుగువారు సైతము పారసీక పద్యములు కంఠస్థము చేసి, తెలుగు వ్రాయుట రాదని చెప్పుకొనుటకు సిగ్గుపడెడివారు కారు. "తెలంగీ బేఢంగీ" యని యొక యెగతాళి మాట నగరమున నాడుకలో నుండెను. తెలుగు పద్ధతిలేని భాష యని దాని భావము. పరులు చేసిన యెగతాళి కొంతకాలమునకు మనవారి నోటనే వినవచ్చుట యెంత దుస్థితి!

ఇచ్చట నొక మాట చెప్పుట యవసరము. ఈ యుద్యమము ఉర్దూ మీది ద్వేషముతో పుట్టినది కాదు. దీనికి నాయకులైన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివారు ఉర్దూ పారసీకములలో గట్టివారు. ఆ భాషలు వారికి జీవనోపాధి. కొందరికి హృదయానందకరములు కూడ. తాము రెండు మూడు భాషలు నేర్చిన తరువాత, ఒక్క భాషయు చదువనేరని తమ యూరివారిని గూర్చి యోచించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినప్పుడు, ఉన్నత విద్యను ఆంగ్లమున గాక యొక దేశభాషలో నేర్పవలెనన్న యాశయము గొప్పదని దేశమంతయు మెచ్చినది. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు ప్రత్యేకముగ నొక యనువాద శాఖ యేర్పడినది. ఆశయము నిజముగ గొప్పదే. అయితే నల్లగొండనుండియో మహబూబునగరమునుండియో వచ్చిన బాలునకు ఉర్దూయు ఆంగ్లమువలెనే నేర్చుకొనవలసిన పరభాష యను సంగతి ఆ యాశయమును రూపొందించినవారు మఱచిరి.

మఱి "ఆంధ్ర" యను మాట. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట ఈ మాటకు వేఱొక యర్థము స్థిరపడినది. భాషానిలయము పుట్టిన నాడు హైదరాబాదులోని తెలుగువాడు తన్ను ఆంధ్రుడని చెప్పుకొనిన, తాను తెలుగువాడనని మాత్రమే దాని యర్థము. నేటి యర్థముతో నాటి పేళ్లను చదువువారు ఆ మహనీయులకు అన్యాయము చేయుదురు.

సంస్థాపకులలో ప్రథమగణ్యుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు. ఆయన 1877లో కృష్ణా మండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా, నాగపురమున అక్కగారి యింట పెరిగి విద్యాభ్యాసము చేసెను. ఆ యక్కగారు బండారు అచ్చమాంబ. ఆడపిల్లకు చదువేల యను కాలమున, తమ్ముడు చదువుకొనుచుండగా ఆమెయు ప్రక్కన గూర్చుండి అక్షరములు నేర్చినది. "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను పేర స్త్రీల చరిత్రములను వ్రాసినది. 1905లో ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు అకాలమరణము పొందినది. ఒక యింటిలో తమ్ముని పలకనుండి అక్క చదువు నేర్చినరీతిగానే, ఒక నగరమున నొకరి పుస్తకమునుండి మఱొకరు చదువు నేర్వవలెనని లక్ష్మణరావు తలపోసెనేమో యని నాకు తోచును. మహారాష్ట్ర దేశమున పెరిగినవాడగుటచే ఆయన మరాఠీలో చక్కగా వ్రాయగలవాడయ్యెను. అచ్చటి పండితులు తమ చరిత్రను తామే వెదకికొనుచు, పాతకాగితములను సేకరించుచు, వానిని ప్రజల భాషలో ముద్రించుచుండుట ఆయన కన్నులార చూచెను. ఆయన తెలుగున వ్రాసిన తొలి చరిత్రగ్రంథము శివాజీని గూర్చినదే యగుట ఇందుకు సాక్ష్యము.

ఆయనకు తోడైనవారు మునగాల రాజాగారైన నాయని వేంకట రంగారావు, హైదరాబాదు నివాసియైన రావిచెట్టు రంగారావు మొదలగువారు. మునగాల పరగణా విచిత్రమైనది. అది చెన్నపురి రాజధానిలోని కృష్ణా మండలమునకు చేరినదైనను, చుట్టును నిజాము రాజ్యమే. ఇంగ్లీషు ప్రభుత్వపు గ్రామముల నడుమనుండి వచ్చిన వార్తలు, పుస్తకములు, పత్రికలు ఆ ద్వారమున తెలంగాణమునకు చేరుట సుకరమయ్యెను. లక్ష్మణరావు ఆ సంస్థానమున దివానుగ నుండెను. రాజుగారి ధనము, దివానుగారి పాండిత్యము, రావిచెట్టు రంగారావు గృహము ఈ మూడును గలసి భాషానిలయమయ్యెను. తొలి సభ ఆయన యింటనే జరిగినది.

పేరు విషయమున వారెంతో దూరము యోచించిరని నా యభిప్రాయము. నిజాము ప్రభువుల రాజధానిలో కాకతీయుల పేరు పెట్టినచో, ఇచ్చట మునుపు మఱొక రాజ్యముండెనని జ్ఞాపకము చేసినట్లగును. కృష్ణదేవరాయల సింహాసన మీ గడ్డపై నుండలేదు. ఆయన కవి, కవులకు పోషకుడు. భాషపేరనే ఆయనను తలచుచున్నామని చెప్పిన నెవరును కాదనజాలరు. మూడేండ్లకు 1904లో హనుమకొండయందు వెలసిన గ్రంథాలయమునకు రాజరాజ నరేంద్రుని పేరు పెట్టుటయు ఇట్టిదే. నన్నయచే భారతమును చెప్పించిన రాజు గనుక ఆతడును భాషకు సంబంధించినవాడే. 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయ మేర్పడినది. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లోను, ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ 1914లోను గదా! గ్రంథాలయోద్యమ మనగానే కృష్ణాతీరమును మాత్రమే తలచువారు ఈ సంవత్సరముల వరుసను గమనింతురు గాక.

ఒక గదిలో కొన్ని బీరువాలును, బల్లయు, నాలుగు పత్రికలును పెట్టుట ఏమి దేశసేవ యని కొందరనవచ్చును. చదువుటకు పుస్తకము, కూర్చుండుటకు చోటు, చదివినది చెప్పుకొనుటకు మఱొక చదువరి, ఈ మూడును ఉచితముగ దొరకునది హైదరాబాదులోని తెలుగువానికి అంతకుమున్ను వేఱొకటి లేదు. తెలుగు పత్రిక కొఱకు వచ్చినవాడు తెలుగువారిని చూచెను. ఒకే కచేరీలో పదియేండ్లు పనిచేసి, ఉర్దూలోనే మాటలాడుకొనిన యిద్దరు ఇచ్చట నొకరి మాతృభాష నొకరు తెలిసికొనుట జరుగకుండునా? సంఘమనునది మొదట ఇట్లే కట్టుబడును. తరువాతి ముప్పదియేండ్లలో తెలంగాణమున జరిగిన ప్రతి సత్కార్యమునకును కర్తలైనవారి పేళ్లు వెదకినచో, వారిలో పలువురు ఈ గది మెట్లెక్కినవారే.

పఠనమందిర మేర్పడిన తోడనే లక్ష్మణరావునకు లోటు తెలిసినది. బీరువాలున్నవి, వానిలో పెట్టదగిన పుస్తకము లెక్కడ? పురాణములున్నవి, ప్రబంధములున్నవి, శతకములున్నవి. లోకమెట్లు నడచుచున్నదో, దేహమెట్లు పనిచేయునో, రాజ్యములెట్లు లేచి పడినవో తెలుపు గ్రంథములు తెలుగున బహుస్వల్పము. అందుచే 1906లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలి స్థాపింపబడినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, ఆచంట లక్ష్మీపతి మొదలగువారు ఇందు పాలుగొనిరి. మండలి ప్రకటించిన తొలి గ్రంథము హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. పరాధీనమైన దేశమున, బానిసలను విడిపించిన యొక కట్టెలు కొట్టు పేదవాని కథను మొదటి గ్రంథముగ నెన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. ఆ గ్రంథకర్తయే 1908లో తన పత్రికలోని వ్రాతకై రాజద్రోహ నేరము మోపబడి చెఱసాల పాలయ్యెను. తరువాత జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానము, హిందూదేశ చరిత్రము, 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వెలువడినవి. పాఠశాల మెట్లెక్కనివాడు సైతము తెలుగు చదువ నేర్చినచో తనంతట తాను విద్యావంతుడగుటకు ఈ గ్రంథమాల దారి చేసినది.

మండలి 1908లో చెన్నపట్టణమునకు తరలిపోయెను. ముద్రణాలయములు, చందాదారులు, విద్వాంసులు అచ్చటనే యుండిరి గనుక అది గ్రంథమాలకు మేలు. హైదరాబాదునకు మాత్రము నష్టమే. లక్ష్మణరావు కూడ చెన్నపురియందే యుండి, ఆంధ్ర విజ్ఞానసర్వస్వమను మహాకార్యమును తలకెత్తుకొని, అకారమున మూడు సంపుటములు వెలువరించి, 1923 జూలైలో నలువదియాఱేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఇచ్చట 1910లో రావిచెట్టు రంగారావు మరణించెను. భాషానిలయ మొక యింటి మీద, ఇద్దరు ముగ్గురు మనుష్యుల మీద నిలిచిన సంస్థ గనుక, అంతటితో తీరిపోవుననియే పలువురు తలచియుందురు. రంగారావు భార్య లక్ష్మీనరసమ్మ నిలయమునకు సొంత యిల్లు కావలెనని ధనమిచ్చినది. తెలుగు సంఘముల చరిత్రములలో స్త్రీల పేళ్లు విరాళముల పట్టికలో మాత్రమే కానవచ్చుట మన యాచారము. ఈమె విరాళము లేనిచో పట్టికయే లేకపోవును. సుల్తాను బజారులోని భవన మిట్టి దానములపై లేచినది.

ఇక 1921 నవంబరు 12వ తేదీ. హైదరాబాదున వివేకవర్ధినీ నాటకశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరుగుచుండెను. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ కార్వే. వితంతువుల విద్యకై జీవితమును ధారపోసిన పుణ్యపురుషుడు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసములు సాగినవి. అందరును శ్రద్ధతో వినిరి. అంతట ఆలంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది లేచి యొక తీర్మానముపై తెలుగున మాటలాడ నారంభించెను. సభలో చప్పట్లు, ఈలలు, పరిహాసము! ఆయన ప్రసంగము ముందుకు సాగలేదు. ఆ పరిహాసము చేసినవారు పామరులు కారు, శత్రువులు కారు. సంఘసంస్కరణమునకై వచ్చిన విద్యావంతులు. అస్పృశ్యతయు బాల్యవివాహమును పోవలెనని కోరు సజ్జనులకు సైతము, ప్రక్కవాని మాతృభాషను వినుట కష్టముగ తోచినది.

ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావు గృహమున గూడిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, ఆదిరాజు వీరభద్రరావు వారిలోనివారు. అచ్చట నాంధ్రజనసంఘము పుట్టినది. అవమానమునుండి పుట్టిన సంఘములు సాధారణముగ ప్రత్యవమానముతో మొదలిడును. వీరు మహారాష్ట్రులను నిందించుచు నొక్క తీర్మానమైనను చేసి పత్రికల కెక్కవచ్చును. అట్లు చేయక, గ్రంథాలయములను పఠనమందిరములను పాఠశాలలను స్థాపించుట, బీద విద్యార్థులకు తోడ్పడుట, విద్వాంసులను గౌరవించుట, తాళపత్ర గ్రంథములను శాసనములను సేకరించుట, కరపత్రములచేతను ఉపన్యాసములచేతను జ్ఞానము వ్యాపింపజేయుట, వ్యాయామమును కళలను ప్రోత్సహించుట, అనాథలకు సాయము చేయుట తమ యుద్దేశములని వ్రాసికొనిరి. ఇది ఇరువదియేండ్లుగా భాషానిలయమున నేర్చిన పాఠమని చెప్పవచ్చును. ఈలలు వేసినవారికి సమాధానము చెప్పుట వారి పట్టికలో లేదు.

ఆ సభాధ్యక్షుని సంగతి మఱొకటి కలదు. కార్వే పండితుడు 1916లో పూనాయందు మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించియుండెను. మాతృభాషలో స్త్రీలకు విద్య గఱపుట దాని మూలసూత్రము. హైదరాబాదున ఆడపిల్లలకు తెలుగున ఉన్నతపాఠశాల యొకటి కావలెనని మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడయందు బాలికల పాఠశాల నెలకొల్పెను. ఉస్మానియాతో సంబంధము పెట్టుకొనవలెనన్న బోధనభాష ఉర్దూ కావలెను. అంతట పాఠశాల పెట్టిన ప్రయోజనమే నశించును. ఉర్దూ లేకుండ పరీక్ష లెవరు చేయుదురు? ఆ దారి పూనాలో దొరికినది. పాఠశాల కార్వే మహిళా విశ్వవిద్యాలయమున కనుబంధింపబడెను. ఏ మహర్షి యధ్యక్షతను జరిగిన సభలో తెలుగుమాటకు చోటులేక పోయెనో, ఆ మహర్షి విశ్వవిద్యాలయమే హైదరాబాదులోని తెలుగు బాలికకు తెలుగున పరీక్ష వ్రాయు నవకాశ మిచ్చినది. నాటి రాత్రి టేకుమాల వారి యింట గూడినవారు మహారాష్ట్రులపై పగ పెంచుకొనియుండిన ఈ తలుపు తెఱచుకొనెడిదా?

సంఘము పట్టణము విడిచి పల్లెలకు పోయిన కొలది దాని పని మాఱినది. అచ్చట భాష సమస్య కడుపు సమస్యతో ముడివడియుండెను. దౌరాకు వచ్చిన యధికారులకు కోమటి సరకులను, వారు చెప్పిన వెలకో వెల లేకయో ఇచ్చుకొనవలెను. కుమ్మరి కుండలను, చాకలి చాకిరిని, మాదిగ బండి వెంట పరుగును ఊరక ఇచ్చుకొనవలెను. ఇందులో ప్రభుత్వ నిబంధన యేది, అధికారి దౌర్జన్యమేది యని తెలియుట కష్టము. నిబంధన లుర్దూలో నుండును. సంఘమువారు "వర్తక స్వాతంత్ర్యము", వెట్టిచాకిరి మొదలగు విషయములపై చిన్న పుస్తకములు తెలుగున అచ్చువేసి పంచిరి. ఇవి కావ్యములు కావు. వానిలో నలంకారములు వెదకువారికి నిరాశయే. కాని తన యంగడి ముందు నిలిచిన జవానుతో వర్తకుడు "ఈ కాగితమున ఇట్లున్నది" యని చెప్పగలిగిన నాడు, 1901లో పెట్టిన బీరువా తన ఖర్చును రాబట్టుకొనినట్లే.

గ్రామగ్రంథాలయములు పెరిగినవి. నిజాము రాష్ట్రాంధ్ర గ్రంథాలయ మహాసభలు 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును జరిగినవి. ప్రభుత్వమునకు అనుమానము కలుగుటయు సహజమే. ఖాన్గీ పాఠశాలలు, అనగా గ్రామస్థులు తమంతట తాము నడుపుకొను బడులు, అనుమతి లేక నడువరాదని 1924లో నిబంధనలు వచ్చినవి. సభలకు ముందుగ ననుమతి పొందవలెనను 53వ గస్తీ నిషాను వచ్చినది. అరుగు మీద పదిమంది పిల్లలను గూర్చుండబెట్టి గుణింతము చెప్పు పంతులుకు సైతము సర్కారు కాగితము కావలసివచ్చెను. చదువు రాజకీయము కాదని నాయకులు మాటిమాటికి చెప్పుచువచ్చిరి. వారి మాటకంటె ప్రభుత్వము వారి యనుమానమే నిజమునకు దగ్గఱగ నుండెనని నేననుకొందును: చదువ నేర్చిన ప్రజ చదువనేరని ప్రజవలె నుండదు.

ఇంతవఱకు చెప్పినది చేసిన పని. చేయని పని కూడ చెప్పకున్న ఇది చరిత్రము కాదు, స్తోత్రపాఠమగును. భాషానిలయమును, జనసంఘమును నడపినవారు న్యాయవాదులు, భూస్వాములు, వర్తకులు, పండితులు. వారు తలుపు తెఱచి యుంచిరి, నిజమే. తలుపు తెఱచి యుండుట వేఱు, లోపలికి రాగలుగుట వేఱు. అదే నగరమున భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలిని స్థాపించెను. హరికథలతోను భజనలతోను మాలమాదిగ వాడలలో జనమును గూర్చి, 1910లో ఇసామియా బజారునందును లింగంపల్లియందును వారి పిల్లలకు పాఠశాలలు పెట్టెను. ఆ పాఠశాలలలో బోధ తెలుగుననే సాగినది. విజ్ఞానచంద్రికా మండలి పుట్టిన సంవత్సరమే జగన్మిత్రమండలియు పుట్టినది. ఒకే నగరము, ఒకే భాష. ఆ రెండు పనులు ఒక్కటి కాలేదు. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు, భాగ్యరెడ్డివర్మ ప్రసంగమునకు కొందరు ప్రతినిధు లభ్యంతరము తెలిపిరి. తొమ్మిదేండ్లకు మున్ను ఒక తెలుగువాని మాట విననొల్లని సభపై అలిగి లేచివచ్చినవారి సంతతి, మఱొక తెలుగువాని మాటను విననొల్లనను స్థితికి వచ్చినది. సభలో పెద్దలు సంస్కారులే. అయినను ఈ మచ్చ కప్పిపుచ్చదగినది కాదు. తెలంగాణ చరిత్రములను వ్రాయువారు ఆలంపల్లి వారి కథను తప్పక చెప్పుదురు. జోగిపేట కథను చెప్పువారు తక్కువ.

కడపట శాసనముల సంగతి. జనసంఘపు టుద్దేశములలో శాసన సేకరణ మొకటి యని పైన చెప్పితిని. ఇందుకై 1922లో నొక పరిశోధక మండలి యేర్పడి, లక్ష్మణరావు మరణానంతర మాయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి యయ్యెను. దాని ప్రాణము ఆదిరాజు వీరభద్రరావు. ఆయన పాఠశాల పండితుడు. శాసన పరిశోధన మనగా చల్లని గదిలో కూర్చుండి చేయు పని యని తలపరాదు. ఎడ్లబండి మీదనో కాలినడకనో ఊరు చేరవలెను. రాయి పాడుగుడిలో ముండ్లపొదల నడుమ నుండును. చెఱువు తూము దగ్గఱ సగము మునిగి యుండును. ఒక్కొక్కచోట దానిమీద బట్టలుతుకుచుందురు. దానిని కడిగి, కుంచెతో నాచును మట్టిని పోగొట్టి, తడిపిన కాగితమును పఱచి, గట్టి కుంచెతో కాగితము అక్షరముల గుంతలలోనికి దిగునట్లు కొట్టవలెను. కొంచె మారిన పిమ్మట సిరాగుడ్డతో పైపై నద్దిన, రాయి నల్లగను అక్షరములు తెల్లగను తేలును. గాలి వీచినచో కాగితము లేచిపోవును. ఎండ ముదిరినచో చిట్లును. ఇంతలో గ్రామస్థులు చుట్టుముట్టి నిధి యెచ్చటనున్నదని యడుగుదురు. శాసనమున్నచోట ధనమున్నదని మనవారి నమ్మకము. ఆ నమ్మకముతో ఎన్ని రాళ్లను పగులగొట్టిరో, ఎన్నిటి మొదలు త్రవ్విరో!

ఆ రాళ్లలో నిజముగ ధనమే యున్నది. ఏ చెఱువు నెవరు త్రవ్వించిరి, దాని క్రింద నెన్ని మర్తురుల పొలము దానమయ్యెను, అఖండదీపమునకు నేయి పోయుట కెన్ని గొఱ్ఱెలిచ్చిరి, బండికి సుంకమెంత, పుట్టికి మానిక యెంత, ఊరిలోని అష్టాదశ ప్రజ యెవరు, ఇట్టి సంగతులు కావ్యములలో దొరకవు. రాజుల బిరుదులతో మొదలై, రైతు మడిచెక్కతో ముగియునది శాసనము. మండలి యీ నకళ్లను కూర్చి "తెలంగాణా శాసనములు" మొదటి సంపుటమును 1935లో ప్రకటించినది. అంతకు ముందేడు, 1934లో, తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగ సురవరము ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను వెలువరించియుండెను. ఆ సంచికకు వచ్చిన కీర్తి శాసన సంపుటమునకు రాలేదు. పద్యము చదివినవాడు మెచ్చును. శాసనము చదివినవాడు కన్నులు నలుపుకొనును. అయినను ఈ రెండింటిలో నాకు శాసన సంపుటమే పెద్దపనిగ తోచుచున్నది, ఏలయన గోలకొండ సంచిక యున్నవారిని లెక్కించినది. ఇది మఱవబడినవారిని వెదకి తెచ్చినది.

రెండవ సంపుటమునకు ఇరువదియైదేండ్లు పట్టినది. అది గడియారము రామకృష్ణశర్మ సంపాదకత్వమున 1960లో వెలువడునాటికి నిజాము రాజ్యమును లేదు, హైదరాబాదు రాష్ట్రమును లేదు. భాషానిలయ సభ్యుడైన బూర్గుల రామకృష్ణారావు 1952లో ఆ రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యగుటయు, ఆ రాష్ట్రమే 1956లో విడిపోవుటయు ఆ నడుమనే జరిగినవి. రాళ్లు మాత్రము ఉన్నచోటనే యుండి చదువరికై యెదురుచూచుచుండెను. తరువాత నల్లగొండ మండలమునందలి చందుపట్ల శాసనమును చదివినప్పుడు రుద్రమదేవి మరణకాలము 1289 అని తేలినది. దానిని వేయించినది రాజు కాదు, మంత్రి కాదు. పువ్వుల ముమ్మడి యను నొక బంటు. తన రాణికిని ఆమె సేనానికిని పుణ్యలోకప్రాప్తి కలుగవలెనని తన యూరి దేవునకు కొంత పొలమిచ్చి ఆ సంగతిని రాతిపై చెక్కించెను. ఏడువందల యేండ్లు ఆ రాయి పొలముల నడుమ నిలిచియుండెను; దాని ప్రక్కనుండి నడచిపోయినవారిలో దానిని చదువగలవారు లేకపోయిరి.